కారణం అడగని అదృష్టం

డెబ్భై దాటిన తండ్రిని వెంటబెట్టుకుని ఉద్దానం తీరపు పల్లెల్లో సైకిల్ మీద తిరగడం ఒకరకంగా సిగ్గుపడాల్సిన పని. ఆ సంగతి నాకు వజ్రపుకొత్తూరు చేరాకగానీ తట్టలేదు. టెక్కలిలో బయల్దేరినప్పుడు అది సరదా ప్రయాణమే. లారీలకు భయపడి హైవే వదిలేసి, నౌపడ ఉప్పుమళ్ల పక్కగా పూండి మీదుగా తీరం తోవ పట్టాం. నాన్న ఒకప్పుడు ఉత్తరాలూ మనియార్డర్లూ పంచిన ఊళ్లివి. కలకత్తా నుంచీ మద్రాసు నుంచీ డబ్బు ఏ ఇంటికొచ్చేదో ఆయనకింకా గుర్తే.

పూండి దాటితే ఇసుక నేల, జీడితోటలు, పనసలు. కొబ్బరి మాత్రం ఒకే ఎత్తున లేదు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ముదురు చెట్లను పడగొట్టింది. వాటి చోట నాటిన మొక్క కాపుకు రావాలంటే ఆరేడేళ్లయినా పడుతుంది.

ప్రతి ఊళ్లోనూ నాన్న సైకిల్ దిగి ఒక పేరు చెప్పి ఆరా తీసేవాడు. ఆ పేర్లవాళ్లంతా ఆయనకన్నా చిన్నవాళ్లే. ఒకచోట అరుగు మీద ఒకామె జీడిపిక్కలు కొడుతోంది. పిక్కల జీడికి వేళ్లు కమిలి, గోళ్ల దాకా నల్లబడ్డాయి. పని ఆపకుండానే, "ఆయనెక్కడున్నాడు బాబూ! కిడ్నీ" అంది. ఆ ఒక్క మాట చాలు, ఇక్కడ ఎవరికీ వివరం అక్కర్లేదు. "నీకెన్నేళ్లు బాబూ?" అని నాన్నను ఎదురడిగింది. ఆయన నాలుగైదేళ్లు తగ్గించి చెప్పాడు. వయసు దాచుకునే మనిషి కాడాయన.

ఈ రోగం ఇక్కడ 1990ల నుంచీ లెక్కకెక్కుతోంది. షుగరూ బీపీ లేనివాళ్లకు, ఎండలో ఒళ్లు వంచి పనిచేసేవాళ్లకు కూడా వస్తుంది. నేలనీటిలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఒంట్లో నీరు ఆరిపోవడమన్నారు, నొప్పుల మాత్రలన్నారు. ఏదీ నిర్ధారణ కాలేదు. పరిశోధకులు దీనికి పెట్టిన పేరులోనే కారణం తెలియదన్న మాట ఉంది. ఆ ఖాళీలోకి మనవాళ్లు 'రాసిపెట్టి ఉంది' అన్నదాన్ని తెచ్చి కూర్చోబెడతారు. నాకది ఓదార్పులా వినిపించదు, విచారణ మూసేసినట్టు వినిపిస్తుంది. రాత అనుకున్నవాడు నీళ్ల శాంపిలు ఎందుకు తీయిస్తాడు?

అయితే నేనూ ఒక విచారణ మూసేసినవాణ్నే కదా! రోగానికి కారణమేమిటని అడుగుతాం. ఆరోగ్యానికి కారణమేమిటని ఎవరడిగారు? ఇన్నేళ్లూ ఈ ఇళ్ల నీళ్లే తాగి, ఈ ఎండలోనే తిరిగిన మనిషి నా ముందు పెడల్ తొక్కుతున్నాడు. ఎందుకు? "సైకిలు తొక్కాను, అందుకే" అంటాడు నాన్న. తొక్కడమే మందైతే, కొబ్బరికాయల బస్తాలు కట్టుకుని సంతకు తొక్కినవాళ్ల సంగతేమిటి? అదృష్టం మన వంతుకు వచ్చేసరికి దానికి క్రమశిక్షణ అనో పుణ్యఫలం అనో పేరు పెట్టేస్తాం. ఎదుటివాడి దురదృష్టం మాత్రం రాత.

తండ్రితో సైకిల్ ప్రయాణమంటే ఇంకొకటి కూడా గుర్తొస్తుంది. 2020 మేలో జ్యోతి కుమారి అనే పదిహేనేళ్ల పిల్ల గాయపడిన తండ్రిని వెనక కూర్చోబెట్టుకుని గురుగ్రామ్ నుంచి బిహార్‌లోని దర్భంగా జిల్లాకు దాదాపు 1,200 కిలోమీటర్లు సైకిల్ తొక్కింది. దేశం చప్పట్లు కొట్టింది. నిజానికి ఆ పిల్ల ఓర్పును చూసి తల దించుకోవాలి. లాక్‌డౌన్‌లో కూలివాడికి బండి దొరక్కపోవడం వల్ల పుట్టిన సాహసమది. మాది తీరిక ఉన్నవాళ్ల యాత్ర. సైకిలూ రోడ్డూ అవే కావచ్చు. తండ్రిని మోయక తప్పనివాళ్లకూ, తండ్రితో షికారు చేయగలిగినవాళ్లకూ నడుమ ఉన్న దూరాన్ని ప్రేమ అన్న మాటతో పూడ్చలేం.

ఆ జీడిపిక్కల ఇంట్లోనే చెంబుతో నీళ్లిచ్చారు. నా బ్యాగులో టెక్కలిలో కొన్న సీసా ఉంది. వద్దన్నట్టు నాన్నకు సైగ చేశాను. ఆయన చూసీ చూడనట్టు గటగటా తాగేశాడు. రోడ్డెక్కాక నిలదీశాను.

"ఇన్నాళ్లు తాగినోన్ని, ఇయ్యేల వొద్దంటే ఆ తల్లి ఏటనుకుంటాదిరా?" అన్నాడు.

హిరమండలం నుంచి వంశధార నీళ్లు పైపుల్లో తెచ్చే పథకమూ, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రీ 2023 డిసెంబరులోనే మొదలయ్యాయి. చెంబులోవి ఆ కుళాయి నీళ్లే కావచ్చు, పాత బోరువీ కావచ్చు. ఒక్క చెంబుతో ఆయనకేం కాదని నాకూ తెలుసు. అయినా బారువ దాకా ఇదే తగువు. ఆయన మర్యాద గురించి మాట్లాడాడు, నేను ఆయన ఒంటి గురించి. రోజూ ఆ చెంబుతోనే తాగే మనిషి ఏ నీళ్లు తాగుతోందో ఇద్దరిలో ఒక్కరమూ అడిగిన పాపాన పోలేదు.