మీరేమోళ్లు బిడ్డా?



సంక్రాంతి దాటినంక నేనూ, మా అక్క కొడుకూ హనుమకొండ నుంచి ఫణిగిరికి సైకిళ్ల మీద పోయినం. కాజీపేట, స్టేషన్ ఘన్‌పూర్, జనగామ, అక్కడ్నుంచి సూర్యాపేట రోడ్డు పట్టుకొని తిరుమలగిరి మీదుగా ఫణిగిరి. ఇంచుమించు వంద కిలోమీటర్లు. పిల్లగానికి పంతొమ్మిదేండ్లు, వాడైతే ఒక్కరోజులో పోతడు. నాకు నలభై ఆరు, నా మోకాళ్లు ఒప్పుకోలే. అందుకని నడుమ ఒక చిన్న పట్నంల రాత్రి ఆగినం. ఆ ఊరి పేరు రాయను.

ఒక పెద్దమ్మ తన ఇంటి మేడ మీద రెండు గదులు అద్దెకిస్తది. రాత్రి అన్నం, పొద్దున టిఫిన్ ఆమెనే పెడతది. కొడుకులు హైదరాబాదుల ఉంటరట. మనిషి మంచిది. మేం సైకిళ్లు దిగంగనే చెంబుతోని నీళ్లిచ్చింది. కాళ్లు గుంజుతున్నయంటే వేడినీళ్లల్ల ఉప్పు వేసి బకెట్ తెచ్చిపెట్టింది. మా అల్లుని టైరుల గాలి తగ్గితే పక్కింటి పిల్లగాణ్ని పిలిచి పంపు తెప్పించింది. ఇదంతా ఎందుకు చెప్తున్ననంటే, ఈ ముచ్చటల దుర్మార్గులు ఎవరూ లేరు. నాకు ఇబ్బంది అక్కడనే వచ్చింది.

అన్నం పెట్టే ముందు అడిగింది. మొదలు "ఇంటిపేరేంది?" అన్నది. మా ఇంటిపేరు రెండు మూడు కులాలల్ల ఉంటది, దాంతోని తేలలే. అప్పుడు నవ్వుకుంటనే, "మీరేమోళ్లు బిడ్డా?" అన్నది.

ఈ ప్రశ్న ఎదురు కానివాళ్లు మీలో తక్కువే ఉంటరు. నేను సుబేదారి ఆర్ట్స్ కాలేజీల బి.ఏ. చదివిన రోజుల నుంచి కులం గురించి మైకు పట్టుకొని మాట్లాడుతున్న మనిషిని. పాతికేండ్ల అలవాటు. ఆ రాత్రి మాత్రం నా నోట్ల నుంచి వచ్చిన మాట ఇది: "మాది వ్యవసాయ కుటుంబం పెద్దమ్మా."

మా నాయినకు ఎకరం పది గుంటల పొలం ఉండె. కాబట్టి ఆ మాటలో ఒక్క అక్షరం తప్పు లేదు. ఆమె తనకు కావాల్సిన అర్థం తీసుకున్నది. "అట్లనా, లోపలికే రాండ్రి" అని వంటింట్ల పీటలు వేసి కూసోబెట్టింది. వంకాయ కూర, పచ్చిపులుసు. రెండోసారి అడిగి మరీ వడ్డించింది. మా అల్లుడు నాదిక్కు ఒకసారి చూసిండు, మళ్ల తల ఎత్తలే.

గదిలకు పోయినంక అడిగిండు. "మామా, నువ్వు అబద్ధమాడినవా, లేదా?"

"వ్యవసాయమే కదరా మనది."

"నేనడిగింది అది కాదు."

వాడు పండుకున్నడు. నాకు నిద్ర పట్టలే.

పంచశీలలో నాలుగోది అబద్ధమాడకపోవడం. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షల మందితో చేయించిన ఇరవై రెండు ప్రతిజ్ఞల్లో అదీ ఒకటి. ఏది అబద్ధమో తేల్చడానికి పాళీ అట్ఠకథలు నాలుగు అంగాలు చెప్తాయి: చెప్పిన విషయం నిజం కాకపోవాలి, మోసపుచ్చాలనే మనసు ఉండాలి, ఆ మనసుతో ప్రయత్నం చేయాలి, ఎదుటి మనిషికి ఆ మాట అర్థం కావాలి. వకీలు లెక్కన చూస్తే నేను మొదటి అంగం దగ్గరే బయటపడొచ్చు. చెప్పిన విషయం నిజమే కదా! కానీ మిగతా మూడూ నిండుగా ఉన్నయి. నేను ఆ వాక్యం ఎంచుకున్నదే ఆమె తప్పుగ అర్థం చేసుకోవాలని. బుద్ధుడు చిన్నవాడైన రాహులునికి పాత్ర అడుగున మిగిలిన కొన్ని నీళ్లు చూపించి, తెలిసి అబద్ధమాడ్డానికి సిగ్గుపడని మనిషిలో మిగిలే మంచి అంతేనని చెప్పినట్టు సూత్తం ఉన్నది. ఆ పిల్లవాని ముందు నా వకీలు వాదన నిలబడదు. మా పిల్లవాని ముందే నిలబడలేదు.

మరి బాబాసాహెబ్ బరోడాలో చేసిందేమిటి అని మీరు అడగొచ్చు. నేనూ అదే ఆలోచించుకుంట పండుకున్న. 1917లో విదేశాల చదువు నుంచి తిరిగి వచ్చి, ఆయన బరోడా సంస్థానం కొలువులో చేరిండు. ఉండడానికి చోటు దొరకలే. ఒక పార్శీ సత్రం కాపలాదారు, పార్శీలకే గది ఇస్తామంటే, రిజిస్టరులో పార్శీ పేరు రాసి, రోజుకు రూపాయిన్నర లెక్కన చేరిండు. పదకొండో రోజు పొద్దున డజను మంది కర్రలు పట్టుకొని మెట్లెక్కి వచ్చిన్రు. సాయంత్రానికల్లా ఖాళీ చేయమన్నరు. తెలిసినవాళ్ల ఇండ్లల్ల అడిగినా దొరకలే. ఒక తోటలో కూసోని, రాత్రి బొంబాయి రైలెక్కిండు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఇదంతా ఆయనే రాసిండు, దొంగ పేరు పెట్టుకున్న సంగతితో సహా. దాచుకోలే.

ఆ అబద్ధాన్నీ నా అబద్ధాన్నీ ఒకే తక్కెట్ల పెట్టడానికి నా మనసొప్పదు. ఆయన నెత్తిమీద కర్ర ఉన్నది. తలదాచుకునే చోటే లేకుండ చేసి, ఆ తర్వాత నిజం చెప్పమని అడిగే సమాజానికి ఆ నిజం మీద హక్కు ఎంత? ప్రశ్నే దెబ్బ అయినప్పుడు జవాబును ఒక్కదాన్నే పట్టుకొని శీలం తూచడం నాకు న్యాయమనిపించదు. ఇది నా అభిప్రాయం. దీనితో ఒప్పుకోని భంతేలు ఉన్నరు, వాళ్లతోని వాదన ఇంకా నడుస్తున్నది.

కానీ ఆ రాత్రి నా నెత్తిమీద ఏ కర్ర ఉన్నది? జేబుల పైసలున్నయి. చేతిల ఫోను ఉన్నది. బస్టాండు ఎదురుంగ లాడ్జి ఉన్నది. హోటళ్లల్ల కులం పేరున అడ్డు చెప్పొద్దనే రాజ్యాంగం 15(2) అధికరణం ఉన్నది. గది పోతుందని నేను భయపడలే. ఆ వేడినీళ్లు, ఆ "బిడ్డా" అనే పిలుపు పోతయని భయపడిన. చట్టం గది తాళం ఇప్పిస్తది కానీ వంటింట్ల పీట ఇప్పియ్యలేదు కదా. ఆ పీట కోసం ఆడిన అబద్ధమది. భయం అని పేరు పెడితే నాకు కొంచెం గౌరవంగ ఉంటది. ధమ్మం దాన్ని తణ్హ అంటది.

ఇంకొకటి ఉన్నది, అది తెల్లారుజామున తట్టింది. ఆమె ఏం చేస్తదో నేనే నిర్ణయించేసిన. నన్ను చూడకముందే ఒక మనిషి నాకు గిరి గీస్తే అన్యాయమని పాతికేండ్లు అరిచిన నేను, ఆమె నోరు తెరవకముందే ఆమె చుట్టూ గిరి గీసిన.

జవాబు చెప్పకుండ ఉండొచ్చు కదా అంటరా? బుద్ధుడు ప్రశ్నలకు నాలుగు దారులు చెప్పిండు: కొన్నిటికి సూటిగ చెప్పాలె, కొన్నిటిని విడదీసి చెప్పాలె, కొన్నిటికి ఎదురు ప్రశ్న వెయ్యాలె, కొన్నిటిని పక్కన పెట్టాలె. సుందరిక భారద్వాజుడు నీ పుట్టుకేంది అని అడిగితే, పుట్టుక అడగొద్దు, నడత అడుగు అన్నడు. పొద్దున పండ్లు తోముకుంట ఈ మాట మా అల్లునికి చెప్పిన. వాడు నోట్లె బ్రష్ తియ్యకుండనే, "అట్లంటే మనమెవరో చెప్పినట్టే కదా మామా. పెద్ద కులపోళ్లు ఎవరన్న అడగొద్దంటరా?" అన్నడు.

దీనికి నా దగ్గర జవాబు లేకుండె. శాక్యుల ఇంట్ల పుట్టినాయన పుట్టుక అడగొద్దంటే అది బోధ. మేం అడగొద్దంటే అది ఆచూకీ. పైగా భిక్షువుకు చెట్టు కిందనైనా రాత్రి గడుస్తది. వెంట పిల్లలున్నవాళ్లకు గడవదు. పక్కన పెట్టడం మంచి దారే, కానీ అందరికీ ఒకే ధరకు దొరకదు.

ఇడ్లీలు పెట్టేటప్పుడు చెప్పిన. "పెద్దమ్మా, రాత్రి మీరడిగినదానికి నేను సక్కగ చెప్పలే. మేం మాదిగోళ్లం. ఇప్పుడు బౌద్ధులం."

గరిటె పట్టుకున్న చెయ్యి ఆగింది. కొంచెంసేపటికి, "రాత్రే చెప్తే ఏమైతుండె?" అన్నది.

"అది తెల్వకనే చెప్పలే పెద్దమ్మా."

ఆమె పొయ్యి దిక్కు తిరిగింది. "నాకూ తెల్వదు బిడ్డా" అన్నది.

చాయ్ రాత్రి మంచినీళ్లిచ్చిన స్టీలు గ్లాసులల్లనే ఇచ్చింది. పైసలు చేతిలకే తీసుకున్నది. మేం వచ్చినంక ఆ గ్లాసులు ఏం చేసిందో, పీటలు కడిగిందో తెల్వదు. మలుపు దగ్గర వాడు ఒకసారి ఎనక్కి పోయి చూస్తనన్నడు. వద్దన్న.

మధ్యాహ్నానికి ఫణిగిరి గుట్ట ఎక్కినం. పాము పడగ లెక్క ఉంటది కాబట్టి ఆ పేరు. మహాస్తూపం, చైత్యాలు, విహారాలు, భిక్షువుల గదుల పునాదులు. ఇక్కడి తోరణ శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా పోయినయి. వరంగల్ జనం మాత్రం ఇంకా చూడలే, ఒక ఆదివారం వీలు చేసుకోండి.

ఆ గదుల నడుమ కూసోని వాడికి సారిపుత్తుని కథ చెప్పిన. సంఘం ప్రయాణంల ఉన్నప్పుడు ఛబ్బగ్గియ భిక్షువుల శిష్యులు ముందే ఉరికి బస అంతా పట్టేసుకున్నరు. సారిపుత్తుడు రాత్రంతా చెట్టు కింద గడిపిండు. తెల్లారుజామున దగ్గు వినపడి బుద్ధుడు సంగతి తెలుసుకున్నడు. మంచి ఆసనం, మంచి నీళ్లు, మంచి అన్నం ఎవరికి ముందు ఇయ్యాలె అని సంఘాన్ని అడిగితే, కొందరు ఖత్తియ కులంల నుంచి వచ్చినోళ్లకన్నరు, కొందరు బ్రాహ్మణ కులం నుంచి వచ్చినోళ్లకన్నరు. సంఘంల ఉన్నోళ్లే అన్నరు, గమనించండి! ఆయన కాదన్నడు. సంఘంల ముందు చేరినోళ్లకు ముందు, అంతే. అందుకే మంగలి ఉపాలి ముందుగ దీక్ష తీసుకుంటే, తర్వాత తీసుకున్న శాక్య రాకుమారులు ఆయనకు మొక్కాల్సి వచ్చింది.

వాడు ఒక గది పునాదిల కాళ్లు చాపుకొని పండి కొలిచి చూసుకున్నడు. తర్వాత లేచి, "మామా, రేపు పోయేటప్పుడు రాత్రికి మళ్ల పెద్దమ్మ ఇంట్లనే ఆగుదామా?" అన్నడు.

"ఫోన్ చేసి అడుగు."

"ఏమని?"

"గది ఖాళీ ఉన్నదా అని."

వాడు ఫోన్ తీసిండు. గుట్ట మీద సిగ్నల్ లేదు. కిందికి దిగినం.