పక్క మీట మీద పడిన వేలు

లండన్ కుర్రాడు గ్యారీ న్యూమన్ గిటార్ పాటలు రికార్డు చేద్దామని స్టూడియోకి వెళ్లాడు. అక్కడ ఎవరో వదిలేసిన మినీమూగ్ సింథసైజర్ కనిపించింది. మీట నొక్కగానే గదంతా అదిరింది. ఆ నాదం ఆయన్ని పట్టేసింది. తర్వాత పియానో మీద బాణీ కడుతుంటే వేలు పొరపాటున పక్క మీట మీద పడింది. దిద్దుకోలేదు, ఇదే బాగుందనుకున్నాడు. ఆ పాట, ‘ఆర్ ఫ్రెండ్స్ ఎలక్ట్రిక్?’, 1979లో బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. తప్పు మీటలు నొక్కే పిల్లల్ని ‘ఇక చాల్లే’ అనే ముందు మనకిది గుర్తుకొస్తే ఎంత బాగుండు!

తనకు ఆస్పెర్గర్ (ఆటిజం పరిధిలోదే) ఉందన్న సంగతి ఆయన దాచుకోలేదు. వేదిక మీద ముఖంలో ఏ భావమూ లేకుండా నిలబడేవాడు. చూసేవాళ్లకు బిగువులా కనిపించింది కానీ, అది బెరుకు. రోడ్డు మీద కొందరు దాడికొస్తే కారు తలుపులు బిగించుకున్న ఆ క్షణంలోంచి ‘కార్స్’ పాట పుట్టింది.

1984లో సొంత లేబుల్ పెట్టుకున్నాడు. ఆదరణ తగ్గింది, రాయడం మాత్రం మానలేదు. నాకైతే ఆ ఏళ్లే గొప్పవి. 2017లో ‘సావేజ్’ ఆల్బమ్ బ్రిటన్‌లో రెండో స్థానం అందుకుంది.