కళ్లద్దాలు తీస్తే కనబడేది

తాడును చూసి పామనుకున్నవాడి కథ వేదాంతం గడప తొక్కిన ప్రతివాడూ విన్నదే. దీపం తెస్తే పాము పోతుంది, తాడు మిగులుతుంది. జ్ఞానం కలిగితే లోకం కూడా అలాగే పోతుందని చెబుతారు. వినడానికి బాగానే ఉంది గాని ఇందులో ఒక చిక్కుంది. జ్ఞానులు కూడా ఆకలేస్తే అన్నం తిన్నారు, పిలిస్తే పలికారు, మెట్టు చూసుకునే కాలు వేశారు. పాము పోయినట్టు వాళ్లకు లోకం పోలేదు. పోకపోతే మరి వాళ్లు తెలుసుకున్నదేమిటి? దీనికి జవాబు చెప్పడానికి తాడూ పామూ చాలవు. అంతకన్నా దగ్గరగా అతికే ఉపమానం మనం టికెట్టు కొని మరీ చూస్తున్నాం. అది పెద్ద తెర మీది త్రీడీ సినిమా.

ఆ మాయ ఎలా నడుస్తుందో ముందు చూడాలి. మన రెండు కళ్ల మధ్య దూరం సుమారు 6.5 సెంటీమీటర్లు. ముక్కుకెదురుగా వేలు నిలబెట్టి ఒక కన్ను తరవాత ఇంకో కన్ను మూస్తే వేలు అటూ ఇటూ గెంతుతుంది. అంటే ఒక్కో కన్ను చూసేది ఒక్కో బొమ్మ. ఈ తేడాలోనే లోతు పుడుతోందని 1838లో చార్లెస్ వీట్‌స్టన్ రుజువు చేశాడు. కొద్దిపాటి తేడాతో గీసిన రెండు గీతల బొమ్మలను అద్దాల సాయంతో చెరో కంటికీ విడివిడిగా చూపిస్తే, ఏ బొమ్మలోనూ లేని లోతు చూసేవాడికి కనబడింది. త్రీడీ హాల్లో జరిగేదీ అదే. ఒకే తెర మీద రెండు బొమ్మలు పడతాయి. చాలా హాళ్లలో ఆ రెండింటి కాంతి తరంగాలనూ వేరువేరు తీరుల్లో ఊగేలా చేసి పంపుతారు. కళ్లద్దాల్లో ఒక్కో బిళ్ల తన వాటా బొమ్మనే లోపలికి రానిస్తుంది. మామూలు తెల్ల తెర ఆ తేడాను చెరిపేస్తుంది కాబట్టి అక్కడ వెండి పూత తెర వాడతారు. ఇక తెర అంత పెద్దదిగా ఉండటం ఆర్భాటానికి మాత్రమే కాదు. మీదికి దూసుకొచ్చే వస్తువును తెర అంచు సగంలో కోసేస్తే భ్రమ చెదిరిపోతుంది. 2003లో హైదరాబాదులో తెరిచిన ప్రసాద్స్ ఐమాక్స్ తెర అప్పట్లో 72 అడుగుల ఎత్తు, 95 అడుగుల వెడల్పు ఉండేది. అంత తెర ముందు కూర్చుంటే అంచులు చూపుకు ఆనవు. హద్దు కనబడనంతసేపూ అది బొమ్మ అన్న గుర్తు రాదు.

సినిమాను వేదాంతంలోకి తెచ్చినవాళ్లలో రమణ మహర్షి ముఖ్యులు. తెర మీద మంటలు లేచినా తెర కాలదు, వరద వచ్చినా తెర తడవదు, ఆత్మ అలాంటిదని ఆయన చెప్పేవారు. ఆయన కాలపు సినిమాకు ఆ పోలిక చక్కగా అతికింది, ఎందుకంటే అక్కడ బొమ్మ నిజంగా తెర మీదే ఉంది. త్రీడీలో ఆ మాట అనలేం. సినిమాలో ఎవరో విసిరితే మన ముక్కు దాకా వచ్చిన ఈటె తెర మీద లేదు. తెర మీద ఉన్నవి కాస్త పక్కకు జరిగిన రెండు మరకలు. అది ఎడమ కంటి బొమ్మలోనూ లేదు, కుడి కంటి బొమ్మలోనూ లేదు. కళ్లద్దాలు పెట్టుకునే ఒక కన్ను మూసి చూడండి: బొమ్మ స్పష్టంగానే ఉంటుంది, ఈటె మాత్రం వెళ్లి తెరకు అంటుకుంటుంది. అవిద్యకు, అంటే ఇలాంటి భ్రమను పుట్టించే అజ్ఞానానికి, ఆశ్రయం ఏదని అద్వైతులు తమలో తామే వాదించుకున్నారు. బ్రహ్మమేనన్నది వివరణ మతం, జీవుడన్నది వాచస్పతి మిశ్రుడి భామతీ మతం. పాత సినిమా మొదటిదానికి ఉదాహరణ అయితే, త్రీడీ రెండోదానికి ఉదాహరణ. ఇక్కడ భ్రమ చూసేవాడి దగ్గరే తయారవుతోంది.

అసలు సంగతి ఇంకొకటుంది. ఈటె రాదని హాల్లో ప్రతివాడికీ తెలుసు. అయినా తల పక్కకు తిప్పుతారు. తెలియడం వల్ల కనబడటం ఆగలేదు. వేదాంత శాస్త్రం దీన్ని ఎప్పుడో గుర్తించింది. తాటి మీది పాము తెలిస్తే పోతుంది. అది నిరుపాధిక భ్రమ. మందారం పక్కన పెట్టిన స్ఫటికం తెల్లనిదని తెలిసినా, పువ్వు అక్కడున్నంతసేపూ ఎర్రగానే కనబడుతుంది. అది సోపాధిక భ్రమ. అబద్ధమని తేలాక కూడా సాగే ఈ కనబడటానికి బాధితానువృత్తి అని పేరు పెట్టారు. పేరు బరువుగా ఉన్నా, అనుభవం మాత్రం ఒక్క సినిమా టికెట్టుకు దొరుకుతుంది. జ్ఞానికి లోకం కనబడుతూనే ఉంటుందన్న మాటలో తిరకాసేమీ లేదని ఇక్కడ తేలుతోంది.

అయితే భ్రమను నిలబెట్టే ఆ పువ్వులాంటి ఉపాధినే తీసేస్తే పోలేదా, కళ్లద్దాలు పక్కన పెడితే నిజం కనబడదా అని అడగవచ్చు. తీసి చూస్తే తెలుస్తుంది. హీరో ముఖానికి రెండు అంచులు మొలుస్తాయి, వెనక కొండ రెండు కొండలవుతుంది, సరిగ్గా తెర దగ్గరున్నట్టు తీసిన వస్తువు ఒక్కటే ఒకటిగా నిలుస్తుంది. సినిమా పోయింది, నిజమూ చేతికి రాలేదు, మిగిలింది గజిబిజి. తెలివి లేని సన్న్యాసం గతి ఇదే. బొమ్మలు రెండెందుకున్నాయో తెలిసినవాడికి అద్దాలు పెట్టుకున్నా నష్టం లేదు, తెలియనివాడికి తీసినా లాభం లేదు.

ఇంకొకరు దీన్ని అవతలి కొసకు లాగుతారు. నిజమైన వేలులోని లోతు కూడా రెండు బొమ్మలను కలిపే పుట్టింది కదా, అంచేత లోకమంతా త్రీడీ సినిమాయే అంటారు. ఇది తొందరపాటు. వేలు ముందు తల జరిపితే వెనకున్నది బయటపడుతుంది. హాల్లో ఎంత వంగినా ఈటె చాటున ఏముందో కనబడదు, ఈటె కూడా మనతో పాటే ఒరుగుతుంది. సినిమాను భ్రమ అంటున్నామంటే, దాన్ని కొట్టేసే ఇంకో అనుభవం మన దగ్గర ఉండబట్టే. శంకరులే బ్రహ్మసూత్ర భాష్యం రెండో అధ్యాయంలో బయటి వస్తువులు లేవనే బౌద్ధ విజ్ఞానవాదులకు జవాబిస్తూ, కలను మెలకువ కొట్టేస్తుంది, మెలకువలో చూసినదాన్ని అలా కొట్టేసేది లేదు, రెండింటినీ ఒకే గాట కట్టకండి అన్నారు. కాబట్టి లోకం మిథ్య అని త్రీడీ రుజువు చెయ్యదు. మిథ్య అయినది తెలిశాక కూడా ఎలా నిలవగలదో చూపుతుంది, అంతవరకే. కాంతి నిజం, కళ్లు నిజం, నిజమైనవాటి నుంచే ఏ తెలివైనా పుడుతుందని విశిష్టాద్వైతులు అంటే దానికీ ఇక్కడ అడ్డు లేదు. తప్పు కాంతిలోనూ లేదు, కంటిలోనూ లేదు. కనబడ్డదాన్ని పట్టుకోవచ్చు అనుకోవడంలో ఉంది.

ఈ ఉపమానానికీ ఒక లోటుంది, దాన్ని దాచకూడదు. హాల్లో చూసేవాడు కుర్చీలో ఉన్నాడు, బొమ్మలో లేడు. బతుకులో చూసేవాడూ బొమ్మలో ఒకడే. పైగా ఈ ఆటకు టికెట్టు కొన్నట్టు వాడికి గుర్తులేదు. అందుకే హాల్లో క్షణంలో అయ్యే పని బయట జన్మంతా పడుతుంది. కాని పని తీరు ఒకటే. మొదటిసారి త్రీడీ చూసే పిల్లవాడు గాలిలో తేలే పువ్వు కోసం చెయ్యి చాస్తాడు. పక్కనున్న పెద్దాయనకూ ఆ పువ్వు అంత దగ్గరగానూ, అంత అందంగానూ కనబడుతోంది. ఆయన చేతులు మాత్రం ఒళ్లోనే ఉన్నాయి.