దేహం అమానతు, ఆట ఎంతవరకు?

మన శరీరం మన సొత్తు కాదు. అది అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. దాన్ని సోమరితనంతో మూలన పడేయడమూ తగదు, మొండితనంతో పాడుచేసుకోవడమూ తగదు. ఇది అందరికీ తెలిసిన మాటే. అయితే గుండె కొట్టుకోవడంలో తేడా ఉందని డాక్టరు చెప్పిన తర్వాత కూడా మైదానం వదలలేని యువకుడికి ఇదే బరువైన ప్రశ్న అవుతుంది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్లో సాయంత్రమైతే కుర్రాళ్లు వాలీబాల్, కబడ్డీ, క్రికెట్ ఆడుతుంటారు. ఇస్లాం ఆటను తప్పుపట్టలేదు. మహాప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేసిన విషయం హదీసుల్లో ఉంది. కాబట్టి ప్రశ్న ఆట గురించి కాదు, ప్రాణాపాయం గురించి.

2017లో అండర్-17 ప్రపంచకప్పులో మన దేశం తరఫున ఆడిన పంజాబీ ఫుట్‌బాల్ క్రీడాకారుడు అన్వర్ అలీ సంగతి చూడండి. 2019లో అతనికి గుండె కండరం మందమయ్యే జబ్బు ఉన్నట్లు తేలింది. ఈ జబ్బులో గుండె లయ ఒక్కసారిగా తప్పే ప్రమాదం ఉంటుంది. 2020లో ఫుట్‌బాల్ సమాఖ్య ఆట ఆపమంది. అతను ఢిల్లీ హైకోర్టు తలుపు తట్టాడు. తర్వాత మళ్లీ మైదానంలోకి వచ్చి, 2022లో సీనియర్ జాతీయ జట్టులో ఆడాడు. డెన్మార్క్ ఆటగాడు ఎరిక్సన్ 2021 జూన్‌లో మ్యాచ్ మధ్యలోనే కుప్పకూలాడు. ఛాతీలో లయను సరిచేసే పరికరం అమర్చారు. ఆ పరికరంతో ఆడేందుకు ఇటలీ నిబంధనలు ఒప్పుకోలేదు. 2022లో ఇంగ్లండులో మళ్లీ ఆడాడు. నిపుణుల మధ్య కూడా భేదాభిప్రాయం ఉందన్నమాట.

కొందరు "చావు రాసిపెట్టి ఉంటే ఇంట్లో కూర్చున్నా వస్తుంది" అంటారు. ఇది తవక్కుల్ కాదు. జాతుస్సలాసిల్ దండయాత్రలో ఓ చలి రాత్రి హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి)కి గుస్ల్ విధి అయింది. స్నానం చేస్తే ప్రాణం పోతుందని భయపడి, తయమ్ముమ్ చేసి నమాజు చేయించారు. తమను తాము చంపుకోవద్దన్న ఖుర్ఆన్ ఆదేశాన్ని కారణంగా చెప్పారు. మహాప్రవక్త (స) చిరునవ్వు నవ్వి ఊరుకున్నారు. విధిగా చేయవలసిన గుస్ల్‌కే ప్రాణభయం వల్ల వెసులుబాటు దొరికినప్పుడు, కేవలం ముబాహ్ అయిన ఆట కోసం ప్రాణాన్ని పణంగా పెట్టడానికి మనకు హక్కు ఎక్కడిది?

అలాగని ప్రతి తేడా ప్రమాదం కాదు. అప్పుడప్పుడు ఒక దెబ్బ అదనంగా కొట్టుకోవడం చాలామందిలో హాని లేనిదే. కొన్ని రకాలు చికిత్సతో పూర్తిగా నయమవుతాయి. కొన్ని జబ్బుల్లో మాత్రం కఠిన వ్యాయామమే జబ్బును ముదరబెడుతుంది. కాబట్టి అందరికీ ఒకే తీర్పు చెప్పలేం. రోగి ఉపవాసం మానాలా వద్దా అన్న విషయంలో ఫిఖ్హ్ పండితులు నమ్మకస్తుడైన, అనుభవజ్ఞుడైన వైద్యుని మాటను ఆధారం చేసుకున్నారు. ఇక్కడా అదే దారి. వద్దంటే మానాలి. నడక చాలంటే నడకతోనే తృప్తిపడాలి. ఆడవచ్చంటే చెప్పిన హద్దులోనే ఆడాలి. ఆటే జీవనోపాధి అయినవాడు మరో నిపుణుణ్ణి సంప్రదించవచ్చు. కానీ తనకు నచ్చిన జవాబు దొరికేదాకా డాక్టర్లను మార్చడం సలహా అడగడం కాదు.

ఇక్కడ మనం మరిచే హక్కు మరొకటి ఉంది. రిపోర్టును బీరువాలో దాచి అమ్మకు, భార్యకు, కోచ్‌కు చెప్పకుండా ఆడటం ఖియానత్. అతను పడిపోతే ఛాతీ నొక్కవలసింది తోటి ఆటగాడే, మిగిలేది పిల్లల కన్నీరే. వారికి తెలియకుండా వారి భాగాన్ని పందెం కాయడం ధైర్యం అనిపించుకోదు.

తల్లిదండ్రులారా! ఆడుతూ స్పృహ తప్పిన పిల్లవాణ్ణి "ఎండదెబ్బ" అని సరిపెట్టకండి. ఈసీజీ తీయించండి. ఎవరైనా కుప్పకూలి, ఊపిరి ఆడకపోతే 108కు ఫోను చేసి, అంబులెన్సు వచ్చేదాకా ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండండి. ఆట మానవలసి వచ్చిన కుర్రాడిని పిరికివాడని ఎగతాళి చేయనివ్వకండి. ఇష్టమైనదాన్ని అమానతు కోసం వదులుకున్నవాడి సబ్ర్ అల్లాహ్ దగ్గర వృథా కాదు.

అల్లాహ్ మనకు ఆరోగ్యం విలువ గ్రహించే బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.