ఎదుటివాడి నొప్పికి తూకం ఏది?

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లకు పేరుపడిన ఊరు. అక్కడి త్రాసులో ఒక గ్రాము తూగిన బంగారం జమ్మలమడుగులోనైనా, పులివెందులలోనైనా ఒక గ్రామే తూగుతుంది. అమ్మేవాడు మారినా, కొనేవాడు మారినా తూకం మారదు. ఈ విషయంలో మనమంతా ఎంతో జాగ్రత్తగా ఉంటాము. అయితే మనుషుల మధ్య ప్రతిరోజూ జరిగే మరొక తూకం ఉంది. "నాకు నొప్పిగా ఉంది" అని ఒకరు అంటారు. విన్నవారు దాన్ని మనసులోనే తూచి, "ఇంతమాత్రానికేనా?" అని తీర్పు చెప్పేస్తారు. ఈ తూకానికి త్రాసు ఏది? తూచే హక్కు ఎవరిది?

దీనికి పెద్ద జబ్బులను ఉదాహరణగా తీసుకోనవసరం లేదు. పళ్లు జివ్వుమనే బాధనే చూద్దాము. రమజాన్ మాసం ఎండాకాలంలో వచ్చినప్పుడు ఇఫ్తార్ వేళ చల్లని షర్బత్ అందరికీ ప్రాణం లేచివచ్చేలా చేస్తుంది. అదే దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చున్న ఒకరు మాత్రం గుక్కెడు తాగి, దవడ పట్టుకొని కళ్లు మూసుకుంటారు. పులివెందుల చీనీకాయ తొన నోట్లో పెట్టుకున్నా, చలికాలం ఫజ్ర్ వేళ వుజూ కోసం కుళాయి నీళ్లు పుక్కిలించినా వారికి అదే అవస్థ. పక్కవాళ్లు చూస్తే పన్ను బాగానే ఉంటుంది. పుచ్చు లేదు, వాపు లేదు, రక్తం లేదు. కంటికి కనబడనిది లేనట్టేనని అనుకోవడం మనకు అలవాటు. అందుకే "పంటి నొప్పికి ఇంత రాద్ధాంతమా!" అనే మాట చాలా ఇళ్లలో వినబడుతుంది.

నిజానికి ఈ బాధకు స్పష్టమైన కారణం ఉంది. పంటిపైన ఎనామిల్ అనే గట్టి పొర, దాని కింద డెంటిన్ అనే పొర ఉంటాయి. డెంటిన్‌లో చదరపు మిల్లీమీటరుకు వేల సంఖ్యలో అతి సన్నని గొట్టాలుంటాయి. వాటిలో ద్రవం నిండి ఉంటుంది. పుల్లని పదార్థాల వల్ల ఎనామిల్ కరిగినా, గట్టి బ్రష్షుతోనో ఇటుక పొడితోనో అడ్డంగా రుద్దడం వల్ల అరిగినా, చిగురు తొలగి వేరు బయటపడినా ఆ గొట్టాల నోళ్లు తెరుచుకుంటాయి. చల్లదనం తగలగానే లోపలి ద్రవం కదిలి నరాన్ని రేపుతుంది. 1960లలో స్వీడన్ పరిశోధకుడు బ్రాన్‌స్ట్రోమ్ బలపరచిన ఈ వివరణనే నేటికీ దంతవైద్యులు ఎక్కువగా అంగీకరిస్తున్నారు.

మరి ఆ బాధ ఎంత? దీన్ని కొలవడానికి వైద్యులు చాలా శ్రమపడ్డారు. ఒక పద్ధతిలో పంటిపై క్షణకాలం చల్లని గాలి ఊది, రోగి స్పందనను 0 నుండి 3 వరకు లెక్కిస్తారు. ఏ చలనమూ లేకపోతే 0. ఉలిక్కిపడినా ఆపమని అడగకపోతే 1. ఆపమన్నా, తల తిప్పుకున్నా 2. నొప్పి పుడుతోందని చెప్పి ఆపమంటే 3. ఇంకొక పద్ధతిలో సన్నని మొన గల పరికరాన్ని 10 గ్రాముల ఒత్తిడితో మొదలుపెట్టి, పదేసి గ్రాములు పెంచుతూ పంటిపై జరుపుతారు. ఎన్ని గ్రాముల దగ్గర బాధ తెలిసిందో రాసుకుంటారు. మూడవది మరీ సులువు. 10 సెంటీమీటర్ల గీత ఒకటి గీస్తారు. దాని ఒక కొస 'నొప్పి లేదు', రెండవ కొస 'ఊహించగలిగినంత నొప్పి'. మీ బాధ ఎక్కడుందో గుర్తు పెట్టమంటారు.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. ఆ గ్రాములు దేనివి? పరికరపు ఒత్తిడివి, నొప్పివి కావు. గాలి చల్లదనానికి కొలత ఉంది, ఆ చల్లదనం లోపల పెట్టిన బాధకు లేదు. ఏ పద్ధతిలోనైనా చివరకు రోగి నోరు విప్పాలి, చెయ్యి ఎత్తాలి, లేదా గీతపై గుర్తు పెట్టాలి. అంటే ఈ కొలతలన్నీ ఒక సాక్ష్యం (షహాదత్) మీద నిలబడి ఉన్నాయి. ఒకరు చెప్పిన 6, మరొకరు చెప్పిన 6 సమానమని ఎవరూ ప్రమాణం చేయలేరు. అయితే అదే మనిషి చికిత్సకు ముందు 7 అని, తరువాత 3 అని చెబితే అది విలువైన కొలత. మనిషి బాధను అతని నిన్నటి బాధతో పోల్చాలి, పక్కవాడి బాధతో కాదు. నొప్పిపై అధ్యయనం చేసే అంతర్జాతీయ సంఘం కూడా 2020లో సవరించిన తన నిర్వచనపు వివరణలో నొప్పి వ్యక్తిగత అనుభవమనీ, అనుభవిస్తున్నవారి మాటను గౌరవించాలనీ పేర్కొన్నది.

"మరి అబద్ధం చెబితే?" అని కొందరు అడుగుతారు. సున్నితమైన పళ్లకు మందు కలిపిన పేస్టులను పరీక్షించేటప్పుడు కొందరికి మందు లేని మామూలు పేస్టు ఇస్తారు. వారిలో కూడా చాలామంది బాధ తగ్గిందని చెబుతారు. అంతమాత్రాన వైద్యులు వారిని అబద్ధాలకోరులు అనరు. తమను ఎవరో పట్టించుకుంటున్నారన్న ధైర్యం, నయమవుతుందన్న ఆశ నొప్పినే తగ్గించగలవని గ్రహించి, ఆ మేరకు లెక్క సరిచేసుకుంటారు. రోగిని పరామర్శించడం (ఇయాదత్) ఎందుకంత పుణ్యకార్యమైందో ఇందులో ఆలోచనాపరులకు ఒక సూచన ఉంది.

దివ్య ఖుర్ఆన్‌లోని 83వ సూరా పేరు అల్ ముతఫ్ఫిఫీన్. తాము తీసుకునేటప్పుడు నిండుగా కొలుచుకొని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించే వారిని అది తీవ్రంగా హెచ్చరిస్తుంది. నిండు కొలత, తక్కువ కొలత అనేవి ప్రతి విషయంలోనూ ఉంటాయన్న మాటను ఇమామ్ మాలిక్ (రహ్మ) తన మువత్తాలో నమోదు చేశారు. ఈ దృష్టితో మనల్ని మనం చూసుకుందాము. మన పన్ను సలిపిన రాత్రి ఇల్లంతా మేల్కొనాలని కోరుకుంటాము. ఇంట్లో వృద్ధురాలైన తల్లి చల్లనీళ్లు తాగలేనంటే "వయసైపోయింది కదా, మామూలే" అంటాము. మన నొప్పికి నిండు కొలత, ఆమె నొప్పికి తక్కువ కొలత! ఎద్దు పుండు కాకికి ముద్దా అన్న సామెత మన పెద్దలు ఊరకే చెప్పలేదు.

ఎదుటివారి బాధను తక్కువగా తూచడం ఎంత దూరం పోగలదో అబూదావూద్ హదీసు గ్రంథంలోని ఒక సంఘటన తెలుపుతుంది. ప్రయాణంలో ఒక వ్యక్తి తలకు రాయి తగిలి గాయమైంది. తరువాత అతనికి గుసుల్ తప్పనిసరి అయింది. తయమ్ముమ్ చేసుకునే వెసులుబాటు తనకు ఉందా అని తోటివారిని అడిగాడు. నీళ్లు దొరుకుతున్నాయి కనుక లేదన్నారు వారు. అతను స్నానం చేశాడు, మరణించాడు. ఈ సంగతి తెలిసి దైవప్రవక్త (స) ఆ తీర్పు చెప్పినవారిని అతని చావుకు బాధ్యులుగా ఎంచి కఠినంగా మందలించారు. తెలియనప్పుడు అడగడమే అజ్ఞానానికి మందు అని బోధించారు. వారు నీటిని లెక్కించారు, గాయాన్ని లెక్కించలేదు.

సాక్ష్యం ఇచ్చేవారికి కూడా బాధ్యత ఉంది. ఎక్కువ చేసి చెప్పకూడదు, దాచకూడదు. నొప్పి చెప్పుకుంటే సహనం (సబ్ర్) పోతుందని మన ఆడవాళ్లు, పెద్దలు చాలామంది మౌనంగా భరిస్తారు. ఇది సరైన అవగాహన కాదు. హజ్రత్ అయ్యూబ్ (అ) తన బాధను ప్రభువుకు విన్నవించుకున్నారు. అయినా అల్లాహ్ ఆయన్ను సహనశీలిగానే ప్రశంసించాడు. దైవప్రవక్త (స) తీవ్ర జ్వరంతో ఉన్నప్పుడు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) అడగగా, మీలో ఇద్దరికి వచ్చేంత జ్వరం నాకు ఉందని తెలిపారు. బాధ ఎంతో ఉన్నదున్నట్టు చెప్పడం ఫిర్యాదు కాదు.

పైగా దాచడంవల్ల నష్టం ఉంది. చల్లదనం తగిలినప్పుడు జివ్వుమని, వెంటనే తగ్గిపోతే అది పంటి సున్నితత్వం కావచ్చు. ఏమీ తగలకుండానే పోటు వచ్చినా, నిమిషాల తరబడి సలిపినా, రాత్రి నిద్ర లేపినా పంటి లోపలి నరమే దెబ్బతిని ఉండవచ్చు. జివ్వుమనడం, సలపడం, పోటు అని తెలుగులోనూ, టీస్, జలన్ అని ఉర్దూలోనూ వేర్వేరు మాటలు ఉన్నాయి. వైద్యుని ముందు సరైన మాట వాడితే పన్ను దక్కవచ్చు. "ఏదో కొంచెం" అని సరిపెడితే పోవచ్చు.

ఇక మసీదుల బాధ్యులకు మా విన్నపం. వుజూలో పుక్కిలించడం హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం సున్నత్, గుసుల్‌లో ఫర్జ్. చల్లనీళ్లు పడనివారు గోరువెచ్చని నీళ్లు వాడుకోవడానికి ఏ అభ్యంతరమూ లేదు. చలికాలం ఫజ్ర్ వేళ మసీదులో కాసిన్ని వేడినీళ్లు ఏర్పాటు చేయడం పెద్ద ఖర్చు కాదు. ఒక వృద్ధుడు పుక్కిలించలేక వెనుకాడితే, అతని వుజూను తప్పుబట్టే ముందు కారణం అడగండి.

ఇతరుల నొప్పిని మన త్రాసులో తూచే శక్తి అల్లాహ్ మనకు ఇవ్వలేదు. వారు చెప్పింది వినే చెవులు మాత్రం ఇచ్చాడు. వాటి గురించి రేపు ఆయన మనల్ని ప్రశ్నిస్తాడు. బంగారంలోనే కాదు, బాధలో కూడా నిండు కొలత ఇచ్చేవారిలో అల్లాహ్ మనల్ని చేర్చుగాక! ఆమీన్.