వాకిట నిలిచిన పంచె



గత మాఘమాసమున నా పూర్వశిష్యుడొకడు విశాఖ సముద్రతీరపు దారిలోని ఒక గొప్ప హోటలునకు నన్ను విందునకు కొనిపోయెను. కారు నడిపినవాడు నా యీడువాడు. "మీరూ మాతోనే తినాలి బాబాయ్" అని శిష్యుడు అతనిని గూడ పిలిచెను. మే మిరువురము పంచెలే కట్టియుంటిమి. పంచెలకు ప్రవేశము లేదని కావలివాడు ఇరువురను నిలిపివేసెను. అంతట శిష్యుడు, నేను తన గురువుననియు, శివాచారము గలవాడననియు చెప్పగా, మేనేజరు నా విభూతిని చూచి నమస్కరించి నన్ను మాత్రము లోనికి రమ్మనెను. "నానిక్కడే ఉంటాను, మీరెళ్లండి మేష్టారూ" అని ఆ పెద్దమనిషి వెనుకకు మరలెను. నేను లోనికి పోయితిని. భుజించితిని గూడ.

ఆనాటి నుండి నన్ను బాధించుచున్నది ఆ నిషేధము కాదు, నాకు దొరకిన మినహాయింపు.

2014 జూలైలో చెన్నైలోని ఒక క్లబ్బున, పంచెతో వచ్చిన మద్రాసు హైకోర్టు న్యాయమూర్తికే ప్రవేశము నిరాకరింపబడెను. ఆ సంవత్సరమే తమిళనాడు శాసనసభ చట్టము చేసినది. అది న్యాయమూర్తి యొక్కరికే గాక, పంచె కట్టిన ప్రతివానికిని తలుపు తెరచినది. 2024 జూలైలో, కుమారునితో సినిమా చూడవచ్చిన హావేరి జిల్లా రైతును పంచె కారణముగా బెంగళూరులోని ఒక మాల్ వాకిట ఆపిరి. కర్ణాటక ప్రభుత్వము ఆ మాల్‌ను ఏడు దినములు మూయించెను.

అట్లని వస్త్రనియమము లన్నియు దోషములని నే ననను. మన ఉక్కు కర్మాగారమున శిరస్త్రాణము లేనిదే కొలిమి దరికి పోరాదు. అధికారికిని కూలికిని అదే నియమము, ఏలయన అది ప్రాణమును కాచును. అచట మినహాయింపు కోరువాడు మూఢుడు. హోటలు నియమము దేనిని కాచుచున్నది?

అక్కమహాదేవి కేశములే వస్త్రముగా కల్యాణమునకు వచ్చెనని మన పెద్దలు చెప్పుదురు. అనుభవమంటపమున అల్లమప్రభువు ఆమెను కఠినముగనే ప్రశ్నించెను. అయితే ఆ ప్రశ్నలు ఆమెను వెలివేయుటకు గాదు, ఆమె యనుభవమును శరణుల కెరిగించుటకు. ఆమెకు మినహాయింపు నిచ్చిరందుమా? బట్టలుతుకు మాచయ్య, పడవ నడుపు చౌడయ్య, చెప్పులు కుట్టు హరళయ్య, దండనాయకుడైన బసవేశ్వరుడు ఒక్కచోట కూర్చున్న సభ అది. ఎవరికిని అడ్డు లేనిచోట మినహాయింపు అను మాటకే తావు లేదు.

ఇక మన సంగతి. హోటలువారిని నిందించుట సులభము. మన దాసోహమున పట్టుపంచెలవారిని ముందు పంక్తిని కూర్చుండబెట్టి, మాసిన చొక్కావానిని "తరువాతి పంక్తికి రావయ్యా" అనుట లేదా? నేనే అట్లు వడ్డించిన దినములు కలవు. అందును మనకు పలక లేదు, కావలివాడు లేడు, కన్నుతోనే కొలుతుము.

మొన్న ఆ పెద్దమనిషి యింటికి పోయి, రానున్న బసవజయంతి దాసోహమునకు కుటుంబముతో రమ్మని పిలిచితిని. సంతోషించెను. పిమ్మట ఒక క్షణము తటపటాయించి, "ఏటి కట్టుకుని రావాలి మేష్టారూ?" అని అడిగెను.