ఎదిగినవారు ఎవరితో నడవవలెను?



పిల్లలు రాత్రి పొద్దుపోవువరకు కంప్యూటరు ముందు కూర్చొని ఆటలాడుచున్నారని అనేకమంది తల్లిదండ్రులు మాతో చెప్పుచుందురు. 2025 ఆగస్టులో పార్లమెంటు నిషేధించినది డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలను. మనమిక్కడ ఆలోచించునది వేరొక రకము. ఒక పాత్రను ధరించి, వేలాదిమందితో కలిసి కల్పిత లోకములో సంచరించు ఆట ఇది. నిద్ర, చదువు పాడుచేసికొనరాదని అందరమెరుగుదుము. అయితే ఈ ఆటల నియమములలో ఒక నీతి ప్రశ్న ఇమిడియున్నది. అది పిల్లలకంటె పెద్దలమైన మనకే ఎక్కువగా వర్తించునని మాకు తోచుచున్నది.

ఆటగాడు మొదటి లెవల్‌లో ఆరంభించి, శత్రువులను గెలిచినకొలది పై లెవల్‌కు ఎక్కును. దారిపొడవున చెట్లు కొట్టి కలప, గనులు త్రవ్వి రాగి, ఇనుము, పొదలలో మూలికలు పోగుచేసికొని, వాటితో తన ఆయుధములు, కవచములు తయారుచేసికొనును. ఇందుకు గంటలకొలది ఓపిక కావలెను. ఇక లెవల్ స్కేలింగ్ అను నియమము ఒకటి కలదు. ఆటగాని బలమును బట్టి లోకమును గాని, లోకమును బట్టి ఆటగాని బలమును గాని సరిచేయుటయే అది.

2006లో వచ్చిన ఆబ్లివియన్ ఒక్కరే ఆడుకొను ఆట. అందులో ఆటగాడు ఎదిగినకొలది శత్రువులును ఎదిగిరి. మామూలు దారిదోపిడి దొంగలు సైతము ఖరీదైన కవచములు తొడుగుకొని ఎదురుపడిరి. అట్లయిన మేము ఎదిగి ప్రయోజనమేమని చాలమంది విసుగుకొనిరి.

2012లో వచ్చిన గిల్డ్ వార్స్ 2 పలువురు కలిసి ఆడు ఆట. అందులో లెవళ్లు 80. ఎనుబదవ లెవల్ వాడు క్రొత్తవారుండు ప్రాంతమునకు వచ్చినయెడల అతని బలము ఆ ప్రాంతమునకు తగినట్లు తగ్గును. అతడు ఒక్క దెబ్బతో అన్నిటిని ముగించివేసిన క్రొత్తవానికి చేయుటకు పని మిగులదు గదా! అక్కడ ఒకరు త్రవ్వుకొన్నంత మాత్రమున మరియొకరికి గని తరిగిపోదు. ఎవరి వంతు వారికుండును. ది ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్ అను ఆటలో కూడ 2016 అక్టోబరులో నియమములు మార్చి, క్రొత్తవారును పాతవారును ఎక్కడికైనను కలిసి పోవునట్లు చేసిరి.

గమనించితిరా? నియమము దాదాపు ఒక్కటే. ఒంటరిగా ఎదుగువానికి అది విసుగైనది, తోడుతో నడచువారికి మేలైనది.

మన తిరువొత్తియూరు సంగతి చూతము. అగ్గిపెట్టెల కర్మాగారము పేరే విమ్కో నగర్‌కు వచ్చినది. 1955లో ఎన్‌ఫీల్డ్ మోటారు సైకిళ్ల కర్మాగారము ఇక్కడ వెలసినది. ఉత్తర మద్రాసుకు బ్రతుకుదెరువు కొరకు వచ్చిన తెలుగు కుటుంబములలో సైకిలు మీద పనికి పోయినవాని కుమారుడు మోటారు సైకిలు కొనెను, మనుమడు కారు కొనెను. జీతము పెరిగినది. దానితోపాటు ఇంటి వాయిదాలు, బడి ఫీజులు, నలుగురిలో పరువు కొరకు చేయు పెండ్లి ఖర్చులు పెరిగినవి. ఎనుబదవ లెవల్‌కు చేరినను మొదటి లెవల్ నాటి దిగులే మిగిలినది. అంకె మాత్రము మారినది.

అయితే కష్టపడి ఎదిగినవానిని తగ్గించుట న్యాయమా అని కొందరడుగవచ్చును. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఐదవ తరగతికి లెక్కలు చెప్పిన పంతులే ఒకటవ తరగతి పిల్లవాని ప్రక్కన కూర్చొని అ, ఆ దిద్దించును. అతని చదువు ఏమియు తరుగలేదు. పలక మాత్రము పిల్లవాని చేతిలోనే ఉండవలెను. పంతులే దిద్దివేసినయెడల అది నేర్పుట కాదు, దర్పమగును.

పోగుచేయు శ్రమ కూడ అంతే. ఎవరికొరకు అనుదానిలోనే దాని విలువ తేలును. 1876-78 కరవు కాలమున క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో కొంత భాగము త్రవ్వు పనిని గుత్తకు తీసికొని, ఒంగోలు ప్రాంతపు బీదలకు కూలి కల్పించిరి. నాడు తట్టలతో మోసిన మన్ను ఆకలిగొన్న ఇండ్లకు కూడైనది. ఆ కాలువే మన ఊరి పడమటి వైపునను సాగుచున్నది.

స్థిరపడిన మనము పోగుచేసికొన్న సామగ్రి ఏది? తమిళము మాటలాడుట, చదువుట, రేషను కార్డుకు ఎక్కడ అర్జీ పెట్టవలెనో, ఆసుపత్రిలో ఏ వరుసలో నిలువవలెనో తెలిసియుండుట. నేడు ఇండ్లు కట్టు పనికి వచ్చుచున్న తెలుగు కూలివారికి ఇవేవియు తెలియవు. 2006లో తమిళనాడు చట్టము చేసి బడులలో తమిళమును దశలవారీగా తప్పనిసరి చేసినది. తెలుగు మాత్రమే వచ్చిన పిల్లవానికి అక్షరములు చూపువారెవరు? చూపినంత మాత్రమున మన తమిళము తరుగదు. ఇది ఎంత త్రవ్వినను తరుగని గని.

అయినను ఆదివారము అట్టివారు వెనుక వరుసలో కూర్చొని, ఎవరును పలుకరింపకయే వెళ్లిపోవుట మనము చూచుచున్నాము. పిల్లవాడు ఎన్ని గంటలు ఆడెనని లెక్కించుట మంచిదే. ఆ ఆటలో నీవు ఎవరికి తోడుపోయితివని కూడ అడుగుదము. ఆ ప్రశ్ననే వాడు తిరిగి మనలను అడిగినయెడల చెప్పుటకు ఒక్క కుటుంబము పేరైనను మనయొద్ద ఉండునట్లు చూచుకొందము.